రెండో తుమ్ము

నేను ఒక హెడ్‌ఫోన్‌ని. అవతలి మాటను చెవికి వినిపించి, ఇవతలి మాటను అవతలికి చేర్చడం నా పని. నాలాంటివాళ్ళం వేలమందిమి ఒకే అచ్చులో పుట్టాం. ఏ బ్యాంకుకో, ఆసుపత్రికో పోతాననుకున్నాను. ప్రహరీ మీద ముళ్ళకంచె ఉన్న ఒక భవనానికి చేరాను, పరాయి దేశంలో, ఒక నది ఒడ్డున. అక్కడి మనుషులు కూడా అలాగే చేరారు, ఇంకెక్కడికో వెళుతున్నామనుకుని.

నన్ను తలకు పెట్టుకున్నవాడు ఢిల్లేశ్వరరావు. పలాస దగ్గర పల్లె. బ్యాంకాక్‌లో కంప్యూటరు ఉద్యోగమని ఒక ఏజెంటు పంపితే వచ్చాడు. బయల్దేరిన రోజు శకునం బాగుండాలని వాళ్ళమ్మ పక్కింటి ముత్తయిదువను నీళ్ళబిందెతో ఎదురు రమ్మందట. శకునం చక్కగానే కుదిరింది. విమానం దిగగానే పాస్‌పోర్టు లాక్కుని, కారెక్కించి, నది దాటించారు.

ఇక్కడ అతని పేరు కిరణ్, హెచ్ఆర్ మేనేజరు. తాను పడిన గోతిలోకే ఇంకొందరు తెలుగు కుర్రాళ్ళను ఫోన్‌లో పిలవాలి. పిలవకపోతే తిండి ఉండదు, దెబ్బలు ఉంటాయి. వెనక నిలబడే కాపలావాడికి తెలుగు రాదు. అయినా ఫోన్‌లో ఇటూ అటూ పలికిన ప్రతి మాటా వాడి భాషలోకి మారి తెర మీద కనిపిస్తుంది.

అబద్ధం చెప్పేవాడి ఊపిరి మాటకు ముందు ఒక్క క్షణం ఆగుతుంది. అది నాకు తెలుసు. వినేవాడి ఊపిరీ ఆగుతుంది, నమ్మాలన్న ఆత్రంతో. జీతమెంత అని అందరూ అడిగేవారు. కంపెనీ పేరేమిటి, వీసా ఏ రకం అని ఒక్కరూ అడిగేవారు కాదు. అడిగితే బాగుండునని ఢిల్లేశ్వరరావు లోలోపల కాచుకుని ఉండేవాడు. అడగనందుకు వాళ్ళ మీద కోపం తెచ్చుకునేవాడు. తానూ అడగలేదన్న సంగతిని ఆ కోపం కింద దాచుకునేవాడు.

ఒక ఉదయం టెక్కలి నుంచి లోకనాథం అనే కుర్రాడు మాట్లాడుతున్నాడు. విమానాశ్రయానికి వెళ్ళే కారు గుమ్మం ముందుంది. ఫోను స్పీకర్‌లో పెట్టాడు. పక్కన వాళ్ళ మామ్మ ఉంది.

"అయితే ఎల్తన్నాను సార్. దిగ్గానే మీ మనిషొస్తాడు గదా?"

ఏసీ చలికి ఢిల్లేశ్వరరావుకు తుమ్ము వచ్చింది. నిజమైన తుమ్మే. నా మైకు అదిరింది.

"ఆగరా!" అంది ముసలి గొంతు. "ఒంటి తుమ్ము. కూకో."

"ఫోన్‌లో తుమ్మితే శకునమేటే మామ్మా? ఏసీ రూముల్లో అలాగే తుమ్ముతారు."

"ఏసీలో ఉంటే ముక్కు ముక్కు కాదేటి? ఇంకోపాలి తుమ్మితే ఎల్లు. జంట తుమ్ము మంచిది."

ఆ రెండోది అప్పటికే పైకి తన్నుకొస్తోంది. అతని ఊపిరి లోపలికి గుంజుకోవడం నాకు తెలిసింది. అతను ముక్కు గట్టిగా పట్టుకున్నాడు. ఒళ్ళంతా వణికింది. కంటినీరు చెంప మీదుగా జారి నా మైకు స్పాంజిని తడిపింది. తుమ్మును మింగేశాడు. ఆ భవనంలోకి వచ్చాక, ఎవరూ చెప్పకుండా అతను చేసిన మొదటి పని అదే.

తెర మీద ఏమీ పడలేదు. తుమ్ముకు అనువాదం లేదు. మింగిన తుమ్ముకు అసలే లేదు.

"జలుబు సేసిందేటి బాబూ?" అని మామ్మ అడిగింది, ఈసారి అతన్నే. "అన్నం తిన్నావా? నీ కాడ ఎవులున్నారు?"

అతను నోరు తెరిచాడు. నాకు అందినది ఊపిరి ఒక్కటే. అవతల మామ్మ ఆ ఊపిరినే విన్నట్టుంది.

"ఈ పూట ఒద్దురా," అంది ఆమె మనవడితో, తెరకు అందనంతగా గొంతు తగ్గించి. "మీ మావ పోలీసు టేషన్‌లో ఉన్నాడు గదా, ఆడికి కాయితాలు సూపించీసి అప్పుడెల్దువు గాని."

కొన్నాళ్ళకు లోకనాథమే ఫోను చేశాడు.

"మావ సూసినాడు. ఇది టూరిస్టు వీసా అంట గదా! ఇదట్టుకుని కొలువుకెల్తే మీ సేతుల్లో పడ్డట్టేనంట. నాను రాను. తెలుగోడివై ఉండి తెలుగోళ్ళనే ముంచుతావేటి? సిగ్గు నేదేటి నీకు?"

ఢిల్లేశ్వరరావు ఆ తిట్లను మధ్యలో ఆపలేదు. ఇంటి నుంచి మంచి కబురు వస్తే వినే మనిషిలా చివరిదాకా విన్నాడు. తెర చదివిన కాపలావాడు కొట్టిన దెబ్బకు అతని చెవి చిట్లింది, నా ఎడమ కొమ్మ విరిగింది. తన చెవికి ఏమీ రాసుకోలేదు గానీ నాకు మాత్రం టేపు చుట్టాడు.

ఇప్పుడు నేను పాత సామాన్ల కుప్పలో ఉన్నాను. ఆ టేపు ఇంకా ఊడలేదు. పక్కనున్న హెడ్‌ఫోన్లు తాము మోసిన అబద్ధాలను తలుచుకుంటూ ఉంటాయి కాబోలు. నేను మాత్రం చివరి రోజును తలుచుకుంటాను.

ఆ రోజు సైనికులు వచ్చి గేట్లు తెరిచారు. అందరూ తోసుకుంటూ తలుపు వైపు పరుగెత్తారు. ఢిల్లేశ్వరరావు నన్ను తీసి బల్ల మీద పెట్టి లేచాడు. అంతమంది పరుగుకు రేగిన దుమ్ములో అతనికి ఒక తుమ్ము వచ్చింది. ఆగిపోయాడు.

"పిచ్చేటి నీకు, రా!" అని పక్క బల్ల కుర్రాడు చెయ్యి పట్టి లాగాడు.

"ఉండరా, మాయమ్మ ఒప్పదు," అన్నాడు. ఇన్నాళ్ళూ కొట్టి కూర్చోబెట్టిన ఆ కుర్చీలోనే, తనంతట తాను కూర్చున్నాడు. సీసాలోంచి ఒక గుక్క నీళ్ళు తాగాడు. తెరిచిన తలుపు వైపు చూస్తూ, కంగారు లేకుండా ఉన్నాడు.

రెండో తుమ్ము వచ్చింది. ఈసారి దాన్ని మింగలేదు.