రెండో మనిషి

ఆఫీసులో అందరూ ఆమెను చీటీలమ్మ అంటారు. చీటీపాటలు నడిపే మనిషి అనుకునేరు, అదేం కాదు. చట్టం మారినప్పుడల్లా పైనుంచి అచ్చయిన చీటీలు కట్టలుగా వస్తాయి. పాత వాక్యం మీద కొత్త వాక్యం ఉన్న చీటీని జిగురు రాసి, అంచులు లేవకుండా అంటించడం ఆమె పని. గాలి, నీరు, మట్టి పాడుకాకుండా చూసే ఆ ఆఫీసుకంతటికీ చట్టాల పుస్తకం ఒక్కటే. ఇరవై రెండేళ్లుగా ఆమె చేతిలోనే అది లావెక్కింది. ఇప్పుడు మూతపడదు, నవారుతో కట్టి ఉంచాలి.

ఆమె చదువు పదో తరగతితో ఆగిపోయింది. అయినా అంటించే ముందు పాత వాక్యం ఒకసారి చదువుకుని, "ఇదెందుకు మార్చారు బాబాయిగారూ?" అని లైబ్రరీ పెద్దాయన్ని అడిగేది. ఆయన కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని చెప్పేవాడు. మొదట్లో చట్టమంతా ఒక్క పేజీయేనట. ఏట్లో కళేబరాలు పడెయ్యకూడదు, అంతే. పొగగొట్టాల ఎత్తు కొలవడం మొదలైంది, ఒక చలికాలం ఊరంతా దగ్గి దగ్గి ముసలివాళ్లు రాలిపోయాక. రంగునీళ్ల కాలవకి కంచె వచ్చింది, అందులో కాగితప్పడవలు వదలబోయి ఇద్దరు పిల్లలు పడిపోయాక.

"చట్టం తనంతట తాను కదలదమ్మాయ్. ఎవరో ఒకరు పోయి దాన్ని కదిలించాలి."

ఆ మాట ఆమెలో దిగబడిపోయింది. చీటీ మీద బొటనవేలు అదిమినప్పుడల్లా కింద ఎవరో పడుకుని ఉన్నట్టే అనిపించేది. ఇంటికి వెళ్లాక ఆ భయమంతా కూతురి మీదికి మళ్లేది. పిల్ల తుమ్మితే పొగ, కడుపు నొప్పంటే నీళ్లు, ఆలస్యమైతే ఇంక చెప్పక్కర్లేదు. "మా అమ్మ పక్కన పడుకుంటే కలలో కూడా హెల్మెట్ పెట్టుకోవాలి" అని కూతురు స్నేహితురాళ్ల దగ్గర నవ్వేది.

అలాంటి కూతురు ఎంత వద్దన్నా వినకుండా అదే ఆఫీసులో చేరింది. ఫ్యాక్టరీల మురుగునీళ్లు సీసాల్లో పట్టి తెచ్చే ఉద్యోగం. చేరిన వారానికే అద్దకం ఫ్యాక్టరీ మురుగు గోతిలోకి దిగమన్నారు.

"గురువారం ఒక్కదానివే దిగుతావుటే?" అంది తల్లి, అన్నం కలుపుతున్న చెయ్యి ఆపి.

"ఒక్కరు చాలని రాసుంది కదమ్మా. నీ పుస్తకంలోనే."

"నీ ముందు ఆ పని చేసినతను ఏమయ్యాడో తెలుసుగా."

"అతను తాడు కట్టుకోలేదమ్మా. విచారణలో తేలిందిగా. నేను కట్టుకుంటాలే, సరేనా? ముందు అన్నం తిను."

"కట్టుకుంటే పైన పట్టుకునేదెవరే?"

కూతురు చారు పోసుకుంది.

మూడేళ్లయింది అతను ఆ గోతిలో విషవాయువుకి పోయి. నియమం ప్రకారం ఒక మనిషి చాలు, ఆఫీసు తప్పేం లేదు, పోయినవాడిదే నిర్లక్ష్యం అని విచారణలో రాశారు. అప్పుడామె చీటీ కోసం ఎదురుచూసింది. ప్రతి చావు తర్వాతా ఒకటి వస్తుంది కదా. కట్ట వచ్చిన ప్రతిసారీ ముందుగా అతని చీటీ కోసమే వెతికింది. రాలేదు. అతనికి మాత్రం రాలేదేం? ఆ ప్రశ్న పుట్టినప్పటినుంచి జిగురు కలుపుతుంటే వెనక ఎవరో నిలబడ్డట్టు మెడ చల్లబడేది. కిటికీలన్నీ మూసున్నా, మురుగు గోతిలో లేచే ఆ కుళ్లిన కోడిగుడ్ల వాసన గదిలోకి వచ్చేది. ఎవరితో అన్నా నవ్వుతారని నోరు మెదపలేదు.

బుధవారం పొద్దున్నే పెద్దాయన్ని పట్టుకుంది. "మనిషి పోయినా చట్టం మారకుండా ఉంటుందా బాబాయిగారూ?"

"ఎందుకుండదు? చట్టం అప్పటికే సరిగ్గా ఉంటే ఇంక మార్చడానికేముంది?"

అయితే సరైన చీటీ ముందే వచ్చేసిందా? నవారు విప్పి, గోతుల్లోకి దిగే నియమం ఉన్న పేజీ తీసింది. వేలితో తడిమితే చీటీ మందంగా తగిలింది. ఒకటి కాదు, రెండు. ఏడేళ్ల కిందటి సంగతి గుర్తొచ్చింది. రెండు చీటీలూ ఒకే కట్టలో వచ్చాయి. అప్పుడే స్కూలు నుంచి ఫోను, మీ అమ్మాయి కళ్లు తిరిగి పడిపోయిందని. తేదీలు చూడకుండా చేతికందినవి అందినట్టు అంటించేసి పరిగెత్తింది. తీరా చూస్తే పిల్ల పొద్దున టిఫిన్ తినలేదు, అంతే.

టీ కెటిల్ ఆవిరి పట్టి, ఒక మనిషి చాలన్న పై చీటీని మెల్లగా లేపింది. తేదీ చూస్తే, కిందిది దానికంటే ఎనిమిది నెలలు కొత్తది. "గోతిలోనికి దిగునపుడు ఇద్దరికి తక్కువ కాకుండా ఉండవలెను. రెండవ మనిషి పైననే ఉండి, తాడు విడువరాదు."

పెద్దాయన చదివి, తలుపు దగ్గరగా వేశాడు. "కిందది పైకి తెచ్చి అంటించెయ్ అమ్మాయ్. జిగురు ఆరేలోపు అంతా మామూలైపోతుంది. రేపు నీ పిల్లకి తోడు మనిషి ఉంటాడు. అంతకంటే నీకేం కావాలి?"

నిజమే, అంతకంటే ఏం కావాలి? కుంచె చేతిలోకి తీసుకుంది. మెడ వెనక మళ్లీ చల్లబడింది. ఈసారి తిరిగి చూసింది. ఎవరూ లేరు. కుంచె గిన్నెలో పడేసి, పుస్తకం చంకనెత్తుకుని ఆఫీసరు గదిలోకి వెళ్లింది.

ఆయన చీటీలు రెండూ చదివాడు. ఫోను తీసి, గురువారం పని ఆపించాడు. "పుస్తకం ఇక్కడ పెట్టి వెళ్లండి" అన్నాడు.

"ఒక్క గంటలో తెస్తాను సార్" అంటూ, జవాబు వినకుండానే బయటపడింది.

పోయినతని తల్లి ఆఫీసు వీధి చివరే ఇస్త్రీ దుకాణం నడుపుతుంది. మూడేళ్లుగా చీటీలమ్మ అటు వెళ్లకుండా చుట్టు తిరిగి వెళ్లేది.

"మీవాడి సంగతి మాట్లాడాలక్కా."

"వాడి సంగతి నాకెందుకు?" ఇస్త్రీ పెట్టె ఆగలేదు. "తాడు కట్టుకోవడం కూడా చేతకాని వెధవ. నేను వాడి కోసం ఏడవలేదు తెలుసా? తిట్టుకుంటూనే ఉన్నా."

చీటీలమ్మ బట్టల మూటల మధ్య పుస్తకం తెరిచి, కింది చీటీ చదివింది. పట్టుకునే మనిషే లేని తాడు ఎవరైనా ఎందుకు కట్టుకుంటారని అడిగింది.

"ఇది వాడు పోయినప్పటికి ఉందా?"

"నాలుగేళ్ల ముందే వచ్చింది."

"మరి ఎవరూ చూళ్లేదా?"

"తేదీ చూడకుండా నేనే దీని మీద పాతది అంటించా. ఆ రోజు మా పిల్లకేదో అయిందన్న కంగారులో..."

చొక్కా మాడిన వాసన వచ్చింది. ఆ తల్లి ఇస్త్రీ పెట్టె తీసి నిలబెట్టింది. "మళ్లీ చదువు" అంది. చదివింది. "ఇంకోసారి." మూడోసారి చదువుతుంటే, ఒక్కో మాటకీ పెదాలు కదిపింది. కొడుకుని పేరు పెట్టి పిలిచింది, తిట్టకుండా.

తర్వాత చేతులు చీరకి తుడుచుకుని, పుస్తకం తనే ఎత్తుకుంది.

"పద. మీ ఆఫీసులో అందరినీ పోగేసి, ఇదే చదువుదువుగాని. అంటించిందెవరో కూడా చెప్పు. నేను పక్కనే ఉంటా."

అది ఓదార్పో, పట్టుకెళ్లి అప్పగించడమో చీటీలమ్మకి తెలియలేదు. అడిగే ధైర్యం లేక, ఆమె వెనకే నడిచింది.