గుండీల రాయి

ఆ రాయి మీద మొదట మూడే గుండీలు ఉండేవి. చొక్కా గుండీలంత ఉండి, గోధుమ రంగులో, అంచున సన్నటి కుచ్చులతో, ముట్టుకోబోతే ముడుచుకునేవి. వానలు పోయి చలి తిరిగేసరికి రాయంతా అవే అయ్యాయి. పక్కనున్న ఆకుపచ్చ పగడం రోజురోజుకూ కుంచించుకుపోతోంది.

గోదావరిఖనిలో సముద్రపు నీళ్ల అక్వేరియం ఉన్న ఇల్లు సదయ్యది ఒక్కటే. ఓ ఆఫీసరు బదిలీ మీద పోతూ మోయలేక ఇచ్చిపోయాడు. కంపెనీ క్వార్టర్‌లో కరెంటు పోదు కాబట్టి మోటార్లు ఆగవు. ఉప్పు హైదరాబాద్ నుంచి వస్తుంది. ఎనిమిది గంటలు భూమి కింద తలదీపం వెలుగులో తిరిగొచ్చిన మనిషికి, స్నానం చేసి ఆ నీలం వెలుగు ముందు కూర్చుంటే కళ్లు కడిగినట్టుండేది.

ఉప్పు పంపే ఖైజర్‌కు ఫోన్ చేసి గుండీల సంగతి చెప్పాడు. 

"సదన్నా, చేతికి ఏమన్న గాటున్నదా?"

"లేదు."

"మంచిది. చేతులు పెట్టకు. గీకకు. బ్రష్షుతోని రుద్దకు. అదొక జాతి పగడం, ఒళ్లంత విషం. అన్నిటికన్న ముఖ్యం, వేడి చెయ్యకు. ఇక్కడొకాయన రాయి సాఫ్ చేద్దామని నీళ్లల్ల ఉడకబెట్టిండు. ఆ ఆవిరికి ఇంటిల్లిపాది దవాఖానల పడ్డరు, పిల్లలతోని సహా. చిన్న రాయైతే రాయికి రాయే తీసెయ్. మూతున్న డబ్బల పెట్టి, బయట, బ్లీచింగ్ నీళ్లల్ల ముంచి రెండు దినాలు ఇడిసిపెట్టు."

"సరే," అని సదయ్య పెట్టేశాడు.

"ఎవరు?" అంది భార్య సారవ్వ వంటింట్లోంచి.

"ఖైజర్. రాయికి పురుగు పట్టిందట."

అంతే చెప్పాడు. దాన్ని అబద్ధం అనుకోలేదు. సదయ్య గనిలో సర్దారు. మనుషులు దిగకముందే తాను పోయి గ్యాసు చూడాలి, పైకప్పు కొట్టి చప్పుడు వినాలి. షిఫ్టు దిగేటప్పుడు వచ్చే సర్దారుకు ఎక్కడ కప్పు ఊగుతోందో, ఎక్కడ గాలి ఆడటం లేదో ఒక్కొక్కటి చెప్పి, పుస్తకంలో రాసి సంతకం పెట్టాలి. ఆ పుస్తకంలో దాచడానికి లేదు. ఇంట్లో మాత్రం ఇరవై రెండేళ్లుగా ఒకటే మాట, "డ్యూటీ మంచిగనే అయింది." మసి ఇంటికి తెచ్చాడు గానీ ముచ్చట తేలేదు. చెబితే ఆమె రాత్రిళ్లు నిద్రపోదని భయం. ఆ వాడలో మగవాళ్లందరిదీ అదే తీరు.

ఆదివారం పొద్దున సారవ్వ తాగే నీళ్లకు పోయినప్పుడు పని మొదలుపెట్టాడు. మోచేతుల దాకా రబ్బరు తొడుగులు, కళ్లకు డ్రిల్లింగ్ అద్దాలు. మోటారు ఆపి, నీళ్లు కదలకుండా అయ్యేదాకా ఆగాడు. రాయిని పైకెత్తలేదు. చిన్న డబ్బాను నీళ్లలోకి దించి, రాయిని అందులోకి మెల్లగా జరిపి, నీళ్లలోనే మూతేసి తీశాడు. గుండీలన్నీ ముడుచుకున్నాయి. ఆ డబ్బాను పెరట్లో జామచెట్టు కింద బకెట్లో పెట్టి, దాని మీద పళ్లెం, పళ్లెం మీద ఇటుక పెట్టాడు. పెద్ద రాయికి ఇంకో రెండు గుండీలు ఉండనే ఉన్నాయి. అది తొట్టిలోంచి కదిలేది కాదు.

బ్లీచింగ్ పౌడర్‌కు చౌరస్తాకు పోయాడు. మొదటి దుకాణం మూసి ఉంది. రెండో దాంట్లో పాకెట్టు దొరికేసరికి ముప్పావుగంట అయింది. వాడ మలుపు తిరుగుతుంటే చాంద్ పాషా ఆటో తుడుస్తూ, "సదన్నా, బ్లీచింగా? చేపలకు స్నానం పోస్తవా?" అని నవ్వాడు. సదయ్య కూడా నవ్వబోయాడు. అప్పుడే తన పెరడు కనబడింది.

ఇటుక నేల మీద ఉంది. బకెట్ బోర్లా పడి ఉంది. డబ్బా ఖాళీ.

బొగ్గుల పొయ్యి మీద పెద్ద గంజు, దాని మీద మూత. సారవ్వ ముక్కాలిపీట మీద కూర్చుని చేటతో విసురుతోంది. పక్కన పట్టకారు, తడితడిగా.

"వచ్చినవా? నీ పురుగు సంగతి చూస్తున్న. నల్లులు పట్టిన మంచానికి ఏం చేస్తమో గదే. మసలబెట్టి పోస్తే పిల్లా జెల్లా అన్ని చస్తయి. గీ పనికి నువ్వు బజారుకెందుకు పోయినవో!" అంటూ మూత మీద చెయ్యేసింది, ఉడికిందో లేదో చూద్దామని.

"మూత తియ్యకు!"

ఆ అరుపుకు జామచెట్టు మీది కాకి లేచిపోయింది. ఈ మనిషికి ఇంత గొంతు ఉందని సారవ్వకు పెళ్లైన ఇన్నేళ్లలో తెలియదు. చెయ్యి వెనక్కి తీసుకుంది.

సదయ్య ఆమెను చూడలేదు. పొగను చూశాడు. పొగ జామచెట్టు దిక్కు వంగుతోంది.

"లేచి గిటు రా. నల్లా దిక్కు. గటు పోకు. ఊపిరి పీల్చకుండ రా."

ఏంది ఏమాయె అని అడగలేదామె. వచ్చేసింది. ఆమెను నల్లా దగ్గర నిలబెట్టి, పది అడుగుల దూరంలో ఉన్న పొయ్యి కేసి చూశాడు. గంజు సన్నగా పాడటం మొదలుపెట్టింది. మసలడానికి ముందు వచ్చే పాట. దింపితే నీళ్లు తొణుకుతాయి. పొయ్యిలో నీళ్లు గుమ్మరిస్తే ఆవిరి గుప్పుమని లేస్తుంది. గనిలో బొగ్గుకు నిప్పంటుకుంటే తవ్వరు, గోడ కట్టి గాలి ఆపుతారు. ఆ పని చేతికి తెలుసు.

ఊపిరి బిగబట్టి పోయాడు. పొయ్యి కింది మూతికి ఇటుక అడ్డం పెట్టాడు. ఇవతలికొచ్చి ఊపిరి తీసుకున్నాడు. మళ్లీ పోయి తడి బూడిద మెత్తాడు. మళ్లీ వచ్చాడు. మూడోసారి తడిపిన గోనెపట్టా గంజు అంచుకూ పొయ్యికీ మధ్య చుట్టాడు. ఎర్రటి బొగ్గులు అంత తొందరగా చావవు. పాట ఆగలేదు. నల్లా దగ్గర ఇద్దరూ నిలబడి వింటున్నారు. పెరిగిందనిపించింది. లేదు, తగ్గిందనిపించింది. అంత సేపూ సారవ్వ మోచేతిని వదల్లేదతను. చివరికి చప్పుడు సన్నగిల్లి, సన్నగిల్లి, ఆగిపోయింది.

అప్పుడు సారవ్వ దగ్గింది.

"మూత ముందుగల్ల తీసినవా?"

"ఒక్కసారి. జరంత. అప్పటికి నీళ్లు ఇంక గోరువెచ్చగ గూడ కాలే." మళ్లీ దగ్గింది. "నోరు చేదుగున్నది. పొద్దున చాయ తాగలే, గందుకేనేమో."

అందుకేనో, ఇంకెందుకో. సదయ్య ఆమె చేతులు సబ్బుతో కడిగించి, చీర మార్పించి, చాంద్ పాషాను కేకేశాడు. పాషా ఈసారి నవ్వలేదు. "జల్ది ఎక్కు చెల్లె," అని హారన్ మీద చెయ్యి తీయకుండా దవాఖానకు తోలాడు.

డాక్టరమ్మకు పగడాల విషం గురించి తెలియదు. తెలియదనే చెప్పింది. సదయ్య ఖైజర్‌కు ఫోన్ కలిపి ఆమె చేతికిచ్చాడు. ఆమె చాలాసేపు విని, రాసుకుని, సారవ్వను మంచమ్మీద పడుకోబెట్టింది. "జ్వరం, ఆయాసం, ఛాతీ పట్టేయడం. ఏది కనబడినా వెంటనే పిలవండి. పొద్దుగూకేదాకా చూద్దాం."

పొద్దు కదలలేదు. సదయ్య ఆమె రొమ్ము లేచి పడటాన్ని లెక్కపెడుతూ కూర్చున్నాడు. పైకప్పు చప్పుడు విన్నట్టు ఆమె ఊపిరి చప్పుడు విన్నాడు. రెండింటికి ఒళ్లు కొంచెం వేడెక్కింది. నర్సు గోలీ ఇచ్చింది. మూడింటికి దగ్గు ఎక్కువైంది. నాలుగింటికి ఆమె కళ్లు తెరిచి, "నా గంజు ఏం చేసినవ్?" అంది.

"పొయ్యి మీదనే ఉన్నది. చల్లారినంక బ్లీచింగ్ పోసి, రాయితోని సహా బొంద పెడ్త."

"గంజునా? మా అవ్వ ఇచ్చిన గంజును?" లేవబోయి, దగ్గి, పడుకుంది. "ఏం రాయి గది? నిజం చెప్పు. పురుగంటివి."

సదయ్య నేల చూశాడు. "విషం. వేడి చేస్తే గాలిల కలుస్తదట. ఖైజర్ చెప్పిండు."

"ఎన్నడు?"

"శుక్రారం."

సారవ్వ అతని కేసి చూసింది. కోపం ఉంటే బాగుండేది. ఆ చూపులో కోపం లేదు.

"శుక్రారం నుంచి ఇంట్ల ఇద్దరమే ఉంటిమి. వచ్చే షిఫ్టోనికి అన్ని అప్పజెప్పుతవట గద. వాడు నీకేమైతడు?"

మంచం పట్టె మీద ఆమె చెయ్యి ఉంది. గోళ్ల సందుల్లో బొగ్గు మసి.

పొద్దుగూకింది. జ్వరం దిగింది, దగ్గు మాత్రం ఉంది. డాక్టరమ్మ రెండుసార్లు ఛాతీ విని, ఈ రాత్రికి ఇక్కడే ఉంచుతానంది. సదయ్య స్టూలు దగ్గరికి లాక్కున్నాడు.

"పోయినేడు దసరా ముందట," అన్నాడు, "నేను రెండు గంటలు ఆలస్యంగొచ్చిన దినం యాదికున్నదా? లారీ దొరకలేదని చెప్పిన. లారీ కాదు. కప్పు కూలింది."

సారవ్వ కదలకుండా వింది. అతను చెప్పాడు. గ్యాసు చూసే దీపంలో మంట నీలంగా సాగిన రోజు చెప్పాడు. మధ్యలో రెండుసార్లు ఆగాడు. ఆమె ఆగనివ్వలేదు.

"అయిపోయిందా? ఇంకేమన్న ఉన్నదా?"

సదయ్య ఆలోచించాడు. "ఉన్నది. తొట్టిల పెద్ద రాయికి ఇంక రెండు గుండీలున్నయి."

"ఎటు దిక్కు?"

"ఎడమ దిక్కు. కిందికి."

"ఎడమ దిక్కు, కిందికి," అని ఆమె తిరిగి చెప్పింది, పుస్తకంలో రాసుకున్నట్టు. "వాటినేం చేస్తరు?"

"గీకద్దు. మోటారు ఆపి సున్నం ముద్ద మెత్తాలన్నడు ఖైజర్. ఊపిరాడక చస్తయి. ఎక్కువైతే చేపలు చస్తయి, జరంత జరంత మెత్తాలె."

"సున్నం నేను నూరిస్త, పలుకు లేకుంట," అంది సారవ్వ. దగ్గి, అటు తిరిగి పడుకుంది. "చెయ్యి మాత్రం నువ్వే పెట్టు. తొడుగులేసుకొని."

సదయ్య మళ్లీ ఆమె ఊపిరి లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.