మూడో బోల్టు

రేయోకి ఆగడం చేతకాదు. బోల్టు బిగించినా, తాగినా, కొట్టినా అంతే. ఏళ్ళ తరబడి వాడి పెళ్ళాంగా ఉన్నదాన్ని కాబట్టి ఈ విషయంలో నాతో ఎవరూ వాదించక్కర్లేదు.

నా బల్ల మీదున్న ఈ ఇంజను బ్లాకు పాడైందీ వాడి చేతిలోనే. మేం విడిపోకముందు దీని మీద మూతలా కూర్చునే హెడ్డుని బిగిస్తూ, పానాకి పొడుగాటి గొట్టం తొడిగి మరీ లాగాడు. "చాలు, ఆపు" అన్నాను. మూడో బోల్టు కిర్రుమని ఒక్కసారిగా వదులైంది. బయటికి తీస్తే రంధ్రంలోని అల్యూమినియం మరలన్నీ తీగ చుట్టలా దాంతోపాటు ఊడొచ్చాయి. ఆపమన్నందుకు నా దవడ పన్ను కూడా ఆ రోజే ఊడింది.

పంటికి చేసేదేం లేదు. బ్లాకుని మాత్రం బాగుచేసి ఆదివారం రేసుకి దిగాలనుకున్నాను.

ఫిన్లాండు పల్లెల్లో మేమాడే ఈ రేసుకి ఒక నియమముంది. పోటీ అయ్యాక ఎవరి కారునైనా సరే, లైసెన్సున్న ఎవరైనా చీటీ వేసి, అన్ని కార్లకీ ముందే ఖాయం చేసిన ఒకే చవక ధరకి కొనుక్కోవచ్చు. అమ్మనంటే లైసెన్సు పోతుంది. డబ్బు కుమ్మరించి ఎవరూ గెలవకూడదని పెద్దలు పెట్టిన నియమం. విడాకుల తర్వాత నేను కట్టిన రెండు కార్లనీ రేయో అలాగే కొన్నాడు. కొని, నేను చూస్తుండగానే ట్రాక్టరుతో తొక్కించాడు. నియమం ప్రకారం వాడి తప్పేమీ లేదట! ఈ ఇంజనుతో కట్టే మూడో కారు కూడా పోతే ఇక నా దగ్గర ఇంజను లేదు, ఇంకోటి కట్టే ఓపికా లేదు. వాడికి కావలసిందీ అదే.

పాడైన రంధ్రాన్ని డ్రిల్లుతో కాస్త పెద్దది చేశాను. మరలు కోసే ట్యాపుని నూనెలో ముంచి, నిటారుగా నిలబెట్టి, అర చుట్టు ముందుకీ పావు చుట్టు వెనక్కీ తిప్పుతూ దించాను. మొండికేసి తిప్పితే ట్యాపు లోపలే విరుగుతుంది, అప్పుడు బ్లాకు తుక్కు కిందే లెక్క. రేయో ఒకప్పుడు విరిచిన మణికట్టు సలుపుతూనే ఉంది. గాలి కొట్టి పొట్టు ఎగరగొట్టాక, కొత్త మరల్లోకి ఉక్కు తీగ చుట్టని ఎక్కించి, దాని అడుగున ఉన్న తోకని ఊచ పెట్టి సుత్తితో కొట్టి విరిచాను. ఇక బోల్టు ఆ ఉక్కునే పట్టుకుంటుంది.

అప్పుడే గుమ్మంలో రేయో.

"ఏమే, ఇంకా ఆ తుక్కుకి కుట్లేస్తున్నావా?"

"నీకెందుకు? ఫో."

"బాగా చెయ్యి, బాగా చెయ్యి. ఆదివారం కొనేది నేనే కదా. తొక్కించేటప్పుడు కుర్చీ వేసి మరీ కూర్చోబెడతాలే."

నూనె డబ్బాని ఒక్క తన్ను తన్ని పోయాడు. సుత్తి నా చేతిలోనే ఉంది. వెనకనుంచి వాడి పుర్రె పగలగొట్టాలనిపించింది, నిజంగానే. కానీ జైల్లో రేసులుండవు.

ఆదివారం రేసు జరిగే కంకర గుంతలో జెండా ఊపీ ఊపగానే, మొదటి మలుపులోనే వాడు నా తలుపు మీదికి కారుని కొట్టాడు. తలుపు లోపలికి నొక్కుకుపోయి నా పక్కటెముకలు కలుక్కుమన్నాయి. నోట్లో రక్తం. ఉమ్మేసి, తర్వాతి చుట్టులో వాడి వెనక చక్రం దగ్గర నా కారు ముక్కు ఆనించి గట్టు మీదికి తోసేశాను. హాయిగా అనిపించింది. వాడు లేచి వచ్చేసరికి నేను రెండో స్థానంలో గీత దాటాను. మూడో బోల్టు దగ్గర నీటి చుక్క కూడా కారలేదు.

కాఫీ దుకాణం పక్కన చీటీల డబ్బా. నన్ను చూసి నవ్వుతూ రేయో నా కారుకి చీటీ వేశాడు. వాడు పక్కకి తప్పుకున్నాక నేను వాడి కారుకి వేశాను. మా చుట్టుపక్కల ఎవరూ ఆ పని చెయ్యరు, చేసినవాడి ముక్కు మిగలదని అందరికీ తెలుసు.

జడ్జీ సోయిలి అక్క డబ్బా తెరిచింది. "హిల్కా కారు, రేయోకి."

"ఇస్తాను" అన్నాను.

"రేయో కారు..." అక్క కళ్ళజోడు సర్దుకుంది. "హిల్కాకి."

సాసేజీలు నములుతున్నవాళ్ళందరూ ఆగిపోయారు.

"అమ్మను" అన్నాడు రేయో.

"అమ్మనంటే లైసెన్సు పోద్ది తమ్ముడూ. ఒకసారి ఆలోచించుకో."

"నాకు నీతులు చెప్తావే ముసలిదానా!"

పిడికిలి అక్క ముఖం మీద పడింది. కళ్ళజోడు పగిలింది, ముక్కు చితికింది. తర్వాత వాడు చక్రాల పానా అందుకుని నా మీదికొచ్చాడు. తల తప్పించుకున్నాను, భుజం ఎముక పుటుక్కుమంది. రెండో చేతిలో ఉన్న హెల్మెట్టుతో వాడి మూతి మీద ఒక్కటిచ్చాను. పళ్ళు కంకరలో రాలాయి, మోకాళ్ళ మీద కూలబడ్డాడు. ఇంకోటివ్వడానికి చెయ్యెత్తాను. కానీ దించేశాను. అప్పటికే నలుగురు వాడి వీపు మీద పడి నేలకి అదిమేశారు.

సోయిలి అక్క మెడలోని స్కార్ఫుని ముక్కుకి అదుముకుని, తడబడకుండా చెప్పింది. "లైసెన్సు రద్దు. లైసెన్సు లేనివాడి చీటీ చెల్లదు. హిల్కా, నీ కారు నువ్వు తోలుకుపో."

వాడు నన్ను కొడతాడనే అనుకున్నాను. అక్క ముక్కు నా లెక్కలో లేదు, దానికి మాత్రం ఇప్పటికీ బాధగానే ఉంది.

రేయో నెత్తురు కక్కుతూ తలెత్తాడు. "కావాలనే వేశావు కదే? నేను ఊరుకోనని తెలిసే వేశావు."

నేను వాడి చెవి దగ్గరికి వంగాను.

"ఇన్నేళ్ళు నీ దెబ్బలు తిన్నదాన్ని. నీ చెయ్యి నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుందిరా?"