ముప్పై కిలోల జొన్నపిండి

బైపాస్ రోడ్డు మీది ఆ పెద్ద కొట్టులోకి కార్డు లేనివాళ్లను రానివ్వరు. కార్డు వ్యాపారం ఉన్నవాళ్లకే ఇస్తారు. రామాబాయి వాళ్ల గల్లీలో అది హంపయ్యకు ఒక్కడికే ఉంది. గల్లీ మొదట్లో ఆయనది చాయ్ హోటలు. నెలకోసారి హోటలు సామానుకు పోతూ, ఈసారి రామాబాయినీ ఆమె కోడలు సుమంగళనూ తన సామాన్ల ఆటోలో ఎక్కించుకున్నాడు.

"ఆడ అన్నీ బస్తాలే అక్కా. పావుకిలో, అరకిలో అంటే నీ మొఖం చూస్తరు" అని దారిలోనే చెప్పాడు.

రామాబాయి కొడుకు మంజునాథ్ పత్తి మార్కెట్ గంజ్‌లో తూకాలు రాస్తాడు. సీజను అయిపోయిన నాలుగు నెలలూ సగం జీతమే. వంటింటి ఖర్చులో నెలకు పన్నెండు వందలు మిగిలితే రక్షిత ట్యూషను నడుస్తుంది, లేకుంటే ఆగుతుంది అని సుమంగళ తేల్చి చెప్పింది. రక్షిత రెండో పీయూసీ, అంటే ఇంటరు రెండో ఏడాది. లెక్కల్లో ఇప్పుడిప్పుడే దారిలో పడుతోంది. మనవరాలి చదువు తన పొయ్యి దగ్గర ఆగకూడదని రామాబాయికి పట్టుదల. అందుకే మోకాళ్లు సలుపుతున్నా ఆటో ఎక్కింది.

కొట్టులో అరలు ఇంటి కప్పుకన్నా ఎత్తుగా ఉన్నాయి. నూనె డబ్బా, కందిపప్పు బస్తా, చక్కెర తీసుకున్నారు. ఆ పక్కనే జొన్నపిండి. పది కిలోల సంచులు మూడు తీసుకుంటే ధర బాగా తగ్గుతుందని పైన రాసి ఉంది. రామాబాయి అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివి, అక్కడే నిలబడిపోయింది.

జొన్నపిండి ఎనిమిది రోజులు దాటితే జిగురు పోతుంది, ఎండాకాలం ఇంకా తొందరగా పోతుంది. ఈ సంగతి ఆమె ముప్పై ఏళ్లుగా ఊరందరికీ చెబుతూ వచ్చింది. అందుకే ప్రతి ఎనిమిదో రోజూ జొన్నల డబ్బా చంకన పెట్టుకుని గిర్నికి నడుస్తుంది. వరసలో నిలబడి, వేడివేడి పిండి పట్టించుకుని, మళ్లీ మోసుకొస్తుంది. ఈ ఏడాది మోకాళ్లు మొరాయించాక ఒకసారి రక్షితను అడిగింది. "సైకిల్ మీద డబ్బా పెట్టుకుని పోతే నా దోస్తులు నవ్వుతరవ్వా" అంది పిల్ల. మళ్లీ అడగలేదు.

"పిండి గన్ని దినాలు నిల్వ ఉంటదా అత్తమ్మా?" సుమంగళ అనుమానంగా అడిగింది.

"ఉంటది తియ్. సంచిల గాలి దూరది కదా."

వంటింటి సంగతిలో రామాబాయి అబద్ధం ఆడటం అదే మొదలు. ఆటోలో వస్తూ పిండి సంచి మీదే కాళ్లు చాపుకుంది. నెల రోజులు గిర్ని బాధ లేదు అనుకుంటే ఒళ్లు తేలికైంది.

మొదటి వారం రొట్టెలు బాగానే వచ్చాయి. రెండో వారం అంచులు పగిలాయి. నీళ్లు ఇంకా మరిగించి పోసి, ఎంతసేపు మర్దించినా పిండి చేతికి సాగలేదు. మూడో వారానికి రొట్టె పెనం మీదికి చేరకముందే మూడు ముక్కలైంది, నోట్లో చేదు కూడా తగిలింది. రామాబాయి ముక్కలు తాను తిని, మిగతావాళ్లకు జావలా మెత్తగా ఉడికే గటక వండటం మొదలుపెట్టింది.

"ఏందమ్మా, నాకేమన్న పండ్లు ఊడినయా? దినాం గటకనే పెడుతున్నవ్" అన్నాడు మంజునాథ్.

"ఎండలకు సల్వ చేస్తది. తిను."

మూడు రోజులు తిన్నాడు. నాలుగో రోజు గిన్నె పక్కకు జరిపి, వీధి చివర రొట్టెలమ్మే ఆమె దగ్గరికి పోయి పది రొట్టెలు కొనుక్కొచ్చాడు. మర్నాడూ అంతే. వారం తిరిగేసరికి, కొట్టులో ఆదా అయిన డబ్బంతా ఆ రొట్టెలకే పోయిందని సుమంగళకు అర్థమైంది.

"బస్తాలు తెచ్చినం గని బర్కతి లేదు. ఇగ ట్యూషన్ బందు పెడదాం" అంది నీరసంగా. గడప దగ్గర పుస్తకం పట్టుకున్న రక్షిత తల ఎత్తలేదు.

రామాబాయి పెనం దించి కూర్చుంది.

"తప్పు నాది సుమంగళా. పిండి నిలువదని నాకెరుకే. మోకాలు నొస్తుంటే, ఒక్క నెలన్న గిర్నికి పోకుంటే బాగుండు అనిపిచ్చింది. అందుకే తీస్కోమన్న."

సుమంగళ వచ్చి అత్త పక్కన కూర్చుంది.

"గంత నొస్తే చెప్పొద్దా అత్తమ్మా?"

"చెప్తే మోసేదెవరు? నీకా, పొద్దుగాల నుంచి మిషన్ కుట్టుడే సరిపాయె."

రక్షిత పుస్తకం మూసింది. "అమ్మా, గిర్ని మా ట్యూషన్ తొవ్వలనే ఉంది. పొయ్యేటప్పుడు డబ్బా పెట్టి పోత, వచ్చేటప్పుడు తెస్త. ట్యూషన్ బందు పెడితే మాత్రం నేను ఆ దిక్కు పోను."

"దోస్తులు నవ్వరా?" అంది రామాబాయి.

"నవ్వనీ. వాళ్లూ తింటరు గదా రొట్టెలు."

సుమంగళ ఆ బేరానికి నవ్వలేదు, కాదనలేదు కూడా. "బయట రొట్టెలు కొనుడు ఆగాలె. గప్పుడే ట్యూషన్" అంది.

మర్నాడు సంతలో కొత్త జొన్నలు కొన్నారు. సాయంత్రం రక్షిత సైకిలు వెనక డబ్బా కట్టుకుని నడిపిస్తుంటే, పాత పిండికి ఉపాయం అడుగుదామని రామాబాయి దాన్ని కాస్త కొంగున కట్టుకుని వెనకే కుంటుతూ వెళ్లింది. గిర్ని నడిపే బసవలింగప్ప ఇద్దరినీ చూసి బెల్టు ఆపాడు.

"నెలాయె అక్కా, రొట్టె తినుడు మానినవనుకున్న."

"తినుడు మానలే తమ్మీ. బుద్ధి పనిచేసుడు మానింది."

ఆయన సంగతంతా విని, పాత పిండి గుప్పిట పట్టి వాసన చూశాడు. "పారేయకు. రెండు పాళ్లు కొత్తది, ఒక పాలు ఇది. రొట్టె అయితది. రుచి మాత్రం అడగొద్దు."

రక్షిత ట్యూషను నుంచి వస్తూ డబ్బా తెచ్చి, చేతులకంటిన పిండి కడుక్కుంది. ఆ పూట రామాబాయి అలాగే కలిపి తట్టింది. రొట్టె పెనం మీదికి ఒక్క ముక్కగా చేరింది. అంచు కాస్త చీలింది. మంజునాథ్ రెండు తిని, మూడోది అడిగాడు. ఆ రోజు వీధి చివరికి పోలేదు.

చివరి రొట్టె పగిలింది. రామాబాయి దాన్ని తన పళ్లెంలో వేసుకుని, గోడకు చేరబడి మోకాలు చాపుకుంది. మంచం కింద ఇంకా సంచిన్నర పాత పిండి ఉంది. రెండు పాళ్లకు ఒక పాలు చొప్పున అది ఎప్పటికి అయిపోతుందో లెక్క వేయబోయి, ఆమెకు నిద్ర ముంచుకొచ్చింది.