శకటం లోపలి మనిషి

పెద్దిరాజు ముందు కుడికాలు లోపలికి పెట్టి, తల వంచి, నడుము మడిచి, ఆ తర్వాత ఎడమకాలు లాక్కున్నాడు. పొడుగు మనిషి. ట్రాక్టరు చుట్టూ బిగించిన ఆ చెక్కపెట్టెలో పట్టాలంటే మడతమంచంలా ముడుచుకోవాల్సిందే.

లోపల డీజిలూ ఫెవికాలూ కలిసిన వాసన. నెత్తిమీద థర్మకోల్‌తో చేసిన రాజ్యాంగ గ్రంథం మంచమంత వెడల్పున తెరిచి ఉంది. దాని వెనక బెంచీల మీద రాజ్యాంగ సభ సభ్యుల వేషాల్లో కళాకారులు. వాళ్లు చలికి కాళ్లు ఆడిస్తుంటే ఆ చప్పుడంతా అతని బుర్ర మీదే పడుతోంది. ముందువైపు బంగారు రంగు అక్షరాలతో 'హమ్ భారత్ కే లోగ్', భారత ప్రజలమైన మేము, అని హిందీలో పెద్ద పలక. ఆ అక్షరాల కింద జానెడు సందు. అతనికి రోడ్డు కనపడేది అందులోంచే.

ప్రభుత్వ శాఖలో డ్రైవరుగా చేరినప్పటినుంచీ జనవరి ఇరవయ్యారున శకటం నడిపే పని అతనిదే. కుదుపు లేకుండా నడుపుతాడని పేరు. ఒక ఏడాది వేరే డ్రైవరు బ్రేకు గట్టిగా తొక్కితే పైనున్న మహారాజుగారి కిరీటం దొర్లుకుంటూ వెళ్లి బ్యాండువాళ్ల కాళ్ల దగ్గర ఆగిందట. పెద్దిరాజు చేతిలో అలాంటివి జరగలేదు. కానీ ఇన్నేళ్లలో అతను పరేడ్ చూసిందీ లేదు. ముందు బండి వెనక భాగం, రోడ్డు మీద తెల్లగీత, అంతే.

చూసేది నాగేంద్రమ్మ. పెళ్లయి ఢిల్లీ వచ్చిన దగ్గర్నుంచీ ఏటా టీవీ ముందు కూర్చుని మొగుడి బండి కోసం వెతుకుతుంది. పిల్లల్లేని ఆ ఇంట్లో అదొక పండగ. తీరా బండి వచ్చేసరికి కెమెరా చప్పట్లు కొట్టే పెద్దల మీదికి పోతుంది. "మీరు రాగానే తిప్పేస్తాడండీ. మీకూ వాడికీ ఏదో పాత పగుంది," అనేది.

ఈ ఏడు ఆ మాట అనడానికి ఆయాసం అడ్డొచ్చింది. గుండె బాగా దెబ్బతిందని, ఇక మందులు తప్ప చేసేదేమీ లేదని డాక్టర్లు ఇంటికి పంపేశారు. అతను మార్చిలో రిటైరవుతాడు. ఇదే ఆఖరి శకటమని ఇద్దరికీ తెలుసు.

ఇవాళ తెల్లవారుజామున అతను స్వెటరు వేసుకుంటుంటే ఆమె తన పాత పసుపు చీర చెంగు తెచ్చి చేతిలో పెట్టింది.

"ఓ ముక్క చింపి, మీరు కూర్చునే చోట కట్టండి. నాకు ఆనవాలుంటుంది."

"రాజ్యాంగం మీద ఈ గుడ్డేంటని నన్ను బయటికి లాగుతారే."

"మీద ఎందుకండీ. మీరుండేది దాని కిందేగా."

అతను నవ్వి చింపాడు. మిగిలిన ముక్కను తడిపి ఆమె టీవీ అద్దం తుడవడం మొదలుపెట్టింది. నాలుగుసార్లు చెయ్యి ఆడించేసరికి రొప్పుతూ కుర్చీలో కూలబడింది. అతను గుమ్మం దగ్గరే ఆగిపోయాడు.

"వెళ్లండి. మీరందులో లేకపోతే నేను చూసేదేముంది," అంది.

పక్క క్వార్టరు అమ్మాయి భావనను తోడుండమని చెప్పి బయల్దేరాడు.

ఇప్పుడా గుడ్డను సందు పక్కనున్న మేకుకు కట్టాడు. శకటం బాధ్యత చూసే ఆఫీసరు సాయిప్రకాష్ చివరి తనిఖీకి వచ్చి వంగి చూశాడు.

"రాజుగారూ, ఇది డిజైన్‌లో లేదు కదా."

"మా ఆవిడ చూస్తుందండి."

నాగేంద్రమ్మ సంగతి ఆఫీసంతా తెలిసిందే. సాయిప్రకాష్ అటూ ఇటూ చూసి, గుడ్డ కొసను తనే ఇంకాస్త బయటికి లాగి వెళ్లిపోయాడు.

ఫోన్లు సెక్యూరిటీవాళ్లు ముందే తీసేసుకున్నారు. బండ్లు కదిలాయి. పెద్దిరాజు గీత మీదనుంచి చూపు తిప్పకుండా, నిద్రపోతున్న పిల్లను ఎత్తుకెళ్తున్నట్టు నడిపాడు. చప్పట్లు దగ్గరయ్యాయి. వేదిక వచ్చిందన్నమాట. ఎవరికీ కనపడనని తెలిసీ జుట్టు సర్దుకుని, వీలైనంత నిటారుగా కూర్చున్నాడు.

"చూడవే," అన్నాడు పైకే.

ఎర్రకోట దగ్గర బండి ఆపి దిగాక ఫోను చేతికొచ్చింది. తెర నిండా భావన చేసిన కాల్సే. మొదటిది పరేడ్ మొదలవకముందు వచ్చింది. అతను తిరిగి చేస్తే ఆ పిల్ల ఏడుపు తప్ప మాట వినపడలేదు.

ఇంటికి వెళ్లేసరికి నాగేంద్రమ్మను మంచం మీద పడుకోబెట్టి, మెడదాకా దుప్పటి కప్పారు. డాక్టరు వచ్చి చూసి వెళ్లిపోయాడట. భావన నేలచూపులు చూస్తూ చెప్పింది.

"ఆంటీ చూశారు అంకుల్. మీ బండి వచ్చింది, పసుపు గుడ్డ కనపడింది. బహుత్ ఖుష్ హో గయీ, ఎంత సంతోషపడ్డారో. ఉస్‌కే బాద్ హీ, ఆ తర్వాతే..."

మొదటి కాల్ ఎప్పుడొచ్చిందో అతను చూశాడు. అప్పటికి ఒక్క శకటం కూడా కదల్లేదు. పాపం, ఆ పిల్లకు అబద్ధం చెప్పడం కూడా చేతకాదు.

"చూసిందా తల్లీ. మంచిది," అన్నాడు.

ఆ పిల్ల వెళ్లాక నేల మీద చతికిలబడి ఏడ్చాడు. ఇన్నేళ్లూ ఆ చీకటిపెట్టెలో తాను ఒంటరినని అతనికి ఎన్నడూ అనిపించలేదు. ఎక్కడో ఒక మనిషి తన కోసం వెతుకుతూ ఉండేది. ఇవాళ మాత్రం వెతికేవాళ్లు లేని బండిని నడిపి వచ్చాడు.

గొంతు తగ్గించిన టీవీలో పరేడ్ మళ్లీ వేస్తున్నారు. రాజ్యాంగ శకటం వచ్చింది. తను నడిపే శకటం రోడ్డు మీద సాగడం పెద్దిరాజు బయటినుంచి చూడటం అదే మొదటిసారి. ఈసారి కెమెరా తిప్పలేదు. బంగారు అక్షరాల కింద, గాలికి ఊగుతూ, పసుపు కొస స్పష్టంగా కనపడుతోంది.

ఎదురుగా ఆమె కుర్చీ చేతి మీద, టీవీ తుడిచిన మిగతా ముక్క ఇంకా తడి ఆరలేదు.