పరిమిత సభ్యత్వం

మా దీవుల రాజధాని సువాలో, మా కంప్యూటర్ కేంద్రంలో కొత్త సర్వర్లు దిగిన వారానికే చేపల శాఖకూ రేవుల శాఖకూ చెడింది. అంతకుముందు బాగుండేదని కాదు. కొత్త కారణం దొరికిందంతే. వాతావరణ శాఖతో కలిపి మూడు శాఖలకూ అవే సర్వర్లు, అదే కేబులు. చేపల డైరెక్టరు ఇనోకే ద్రవుతలు, రేవుల డైరెక్టరు పర్మేశ్ రణిగా, ఇద్దరూ తమకు వేరే కేబులు కావాలని పట్టుబట్టారు. "వాళ్ల చేపలు ఈదిన కేబులు మాకొద్దు" అని రణిగా అన్నప్పుడు నేనక్కడే ఉన్నాను. నవ్వాపుకోవడానికి కిటికీలోంచి వాన చూశాను. సువాలో ఆ సదుపాయం ఎప్పుడూ ఉంటుంది.

నెట్‌వర్కు వ్యవహారాలన్నీ మా ఇంజనీరు మేరెయోనివి. "కేబులు ఒక్కటే. దాని లోపల గోడలు కడతాను" అంది.

కట్టింది కూడా. ప్రతి సర్వరులో ఉన్న ఒక్క నెట్‌వర్కు కార్డు మీద ఉత్తుత్తి కార్డులు కొన్ని పుట్టించి, ఒక్కోదానికి ఒక్కో అంకె ఇచ్చింది. అంకె కలిసినవాళ్లకే ఒకరి మాట ఒకరికి వినిపిస్తుంది. ఆ సర్వర్లలో నడిచే వర్చువల్ మెషీన్లకు, అంటే ఒకే పెట్టెలో కాపురముండే వేర్వేరు కంప్యూటర్లకు, ఎవరి కార్డు వాళ్లకు పంచింది. ఫైళ్లు దాచే స్టోరేజీ మాత్రం ఉమ్మడిది. దానికో ఉమ్మడి అంకె పెట్టి, అందులో స్టోరేజీకీ, అందరికీ సూచనలు పంపే వాతావరణ శాఖకూ పూర్తి సభ్యత్వం, మిగతా రెండు శాఖలకూ పరిమిత సభ్యత్వం ఇచ్చింది. పరిమిత సభ్యులు పూర్తి సభ్యులతో మాట్లాడగలరు, తమలో తాము మాట్లాడుకోలేరు. ఇద్దరు డైరెక్టర్లూ కోరుకున్నది సరిగ్గా అదే.

మీటింగులో తెర మీద చూపించేదాకా అంతా బాగానే ఉంది.

"నా శాఖ పక్కన ఏదో రాసుందే, ఏంటది?" అన్నాడు ఇనోకే.

"పరిమిత సభ్యుడు, మోమో." ఇనోకేది మేరెయోని తల్లి పుట్టిన దీవి. మేనమామ వరస కనక ఆఫీసులో కూడా మోమో అనే పిలుస్తుంది.

"మరి పూర్తి సభ్యుడెవరు?"

"స్టోరేజీ. ఆ మూల పెట్టె."

"పెట్టె పూర్తి సభ్యుడూ, నేను సగం సభ్యుణ్ణీనా?"

"అది హోదా కాదు మోమో. ఎవరితో మాట్లాడొచ్చో చెప్పేది..."

"నేనెవరితో మాట్లాడాలో పెట్టె చెప్తుందా? మీ అమ్మకి తెలుసా నువ్వు నన్నిలా కూర్చోబెట్టావని?"

రణిగా అప్పటిదాకా ముసిముసిగా నవ్వుతున్నాడు. కింది వరసలో తన శాఖ పక్కన కూడా అదే మాట కనబడేసరికి నవ్వు ఆపాడు. "పూర్తి సభ్యత్వం ఆయనకి ఇవ్వకపోతే నాకూ వద్దు. ఆయనకిస్తే మాత్రం నాకూ కావాలి" అన్నాడు.

ఇనోకే మంత్రిత్వ శాఖకు వెళ్లాడు. వెనకాలే రణిగా వెళ్లాడు. అన్ని శాఖలకూ పూర్తి సభ్యత్వం ఇవ్వాలని ఉత్తర్వు వచ్చింది. అలా చేస్తే మధ్యలో గోడ ఉండదని మేరెయోని ఫోనులో మొత్తుకుంది. "గోడ ఉండాలి, సభ్యత్వం పూర్తిగా ఉండాలి" అని జవాబొచ్చింది. ఆమె ఫోను పెట్టేసి, పరిమితం అన్నచోటల్లా పూర్తి అని మార్చేసి, రోటీ పొట్లం విప్పుకుని కూర్చుంది. సగం తిని పక్కన పెట్టేసింది.

రేవుల శాఖ మెషీను అలల లెక్కలు కట్టి, 'దీన్ని దాచిపెట్టేదెవరు?' అని కేకేసి, ముందు పలికినవాడికి పంపేస్తుంది. ఇన్నాళ్లూ ఆ కేక స్టోరేజీకీ వాతావరణ శాఖకూ మాత్రమే వినబడేది, పలికేది స్టోరేజీ ఒక్కటే. ఇప్పుడు చేపల శాఖ మెషీనుకూ వినబడింది. అక్కడెవరో ఫైళ్లు పంచుకునే సౌకర్యం తెరిచి వదిలేశారు. అదే ముందు పలికింది. అలలన్నీ వెళ్లి చేపల డిస్కు నిండా కూర్చున్నాయి.

ఆ ఉదయమే ఇనోకే పొరుగు దీవుల నుంచి వచ్చిన అతిథులకు ట్యూనా చేపల పటం చూపించబోయాడు. తెర మీద 'చోటు లేదు' అని వచ్చింది. "మన సముద్రం నిండిపోయిందా?" అని సమోవా నుంచి వచ్చిన పెద్దావిడ అడిగింది. అందరూ నవ్వారు, ఇనోకే తప్ప. అదే సమయంలో రేవు తెరలు ఖాళీ అయ్యాయి. అలల సంగతి తెలియక లెవుకా వెళ్లే పడవను ఆపేశారు. జనం కర్రపెండలం బుట్టలతో, నిద్రపోతున్న పిల్లలతో మధ్యాహ్నందాకా వానలో నిలబడ్డారు.

"నా ఇంట్లోకి చెత్త తోశాడు!" అన్నాడు ఇనోకే.

"నా సొత్తు దొంగిలించాడు!" అన్నాడు రణిగా.

శుక్రవారం సాయంత్రం ఆఫీసు చాప మీద పెద్ద గిన్నెలో యంగోనా వేరు పానీయం కలిపి, కొబ్బరి చిప్పలతో పంచారు. మేరెయోని ఇద్దరినీ పక్కపక్కన కూర్చోబెట్టింది. ఇద్దరూ చెరో వైపు చూస్తూ తాగారు.

"మోమో, నీకు చిప్ప ఎవరిచ్చారు?"

"గిన్నె దగ్గరున్నవాడు."

"రణిగా సార్, మీకు?"

"వాడే."

"మీలో ఒకరి చిప్పలోంచి ఒకరు తాగారా?"

"ఛీ" అన్నారిద్దరూ. ఆ ఏడాదిలో వాళ్లు కలిసి అన్న మొదటి మాట అది.

"గిన్నె దగ్గరవాడు స్టోరేజీ. మీరు పరిమిత సభ్యులు. ఇందులో అవమానమేముంది?"

ఇనోకే చిప్ప కింద పెట్టాడు. "అర్థమైంది. కానీ ఆ మాట బాలేదు."

"ఏ మాట?"

"పరిమితం. మా ఆవిడ కూడా వినేసింది."

రణిగా తలూపాడు. "మాట మార్చు తల్లీ. లోపల నీ ఇష్టమొచ్చింది పెట్టుకో."

మేరెయోని ముఖం చిన్నబోయింది. ఉన్నది ఉన్నట్టు చెప్పడమే తన పని అని నమ్మిన మనిషి. అయినా వానలో నిలబడ్డ జనం గుర్తొచ్చారేమో, వెళ్లి లోపల పరిమితం చేసి, ఆ మాట పైకి కనబడేచోటల్లా 'గౌరవ సభ్యుడు' అని వచ్చేలా పెట్టింది. అలలు స్టోరేజీకి చేరాయి. పడవలు నడిచాయి. ఇనోకే ఆ తెరను ఫోటో తీయించి గదిలో తగిలించాడు.

సోమవారం వాతావరణ శాఖ నుంచి కబురు వచ్చింది. తాము మాత్రం ఉత్త పూర్తి సభ్యులుగా ఎందుకు మిగిలిపోయామని, తమకెందుకు గౌరవం లేదని.

ఆ గౌరవం కోసం ఉమ్మడి అంకెలో వాళ్లను పరిమితం చేస్తే తుఫాను సూచనలు ఏ శాఖకూ అందవు. మేరెయోని వాళ్లతో వాదించలేదు. వాళ్ల సర్వరు మీద ఇంకో ఉత్తుత్తి కార్డు పుట్టించి, ఇంకెవరికీ లేని అంకె ఒకటి ఇచ్చి, అందులో పరిమితం చేసింది; తెర మీద 'గౌరవ సభ్యుడు' అని వచ్చింది. దాని మీదుగా ఇంతవరకు ఒక్క మాట పోలేదు, రాలేదు. వాళ్లు చాలా సంతోషంగా ఉన్నారు. మొన్న దాని వేగం పెంచమని అడిగారు. పెంచానని చెప్పింది.