నడిచాక చూసిన అంకె

కన్నారావు దీవిలోని మిడిల్ పాయింట్ బజారులో ఎండుచేపల వ్యాపారి. చేపలో తడి ఎంతుందో వేలితో నొక్కి చెప్పేవాడు. ఆరని సరుకును తక్కెడ ఎక్కనిచ్చేవాడు కాడు. అంతటివాడు తన రక్తపోటు దగ్గర మాత్రం బోల్తాపడ్డాడు.

డాక్టరు మాత్రలతోపాటు నడక కూడా చెప్పాడు. రోజూ పొద్దున్నే లంబాలైన్‌లోని ఇంటి నుంచి కొట్టుదాకా నడిచి, చెమట ఆరాక మిషన్ పెట్టి బీపీ చూసుకునేవాడు. అంతకుముందు నూట అరవై దిగనిది నూట ఇరవై ఎనిమిది చూపించింది. వారంపాటు అలాగే ఉండేసరికి అంతా నడక చలవేనని లెక్క తేలిపోయిందనుకుని మాత్రలు మానేశాడు. అక్కడితో ఊరుకోక, అదే జబ్బున్న చెల్లెలి మొగుడు నూకయ్యకూ చెప్పాడు.

"నడిస్తే సాలు బావా. దవాయి బేకార్, ఏసుకోకు."

నూకయ్య చాతం జెట్టీలో మూటలు మోసేవాడు. వ్యాపారం తెలిసిన మనిషి లెక్క తప్పడని నమ్మి తనూ మాత్రలు మానేశాడు. ఇరవయ్యో రోజున బియ్యం బస్తా ఎత్తబోయి జెట్టీ మీదే కూలిపోయాడు. ప్రాణం దక్కింది గానీ మాట ముద్దయింది, ఎడమచెయ్యి లేవడం లేదు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ, మాత్రలు ఎందుకు మానావని నూకయ్యను కోప్పడింది. ఊరికే మానేశానన్నాడతను. పక్కనే నిలబడ్డ కన్నారావు ఎవరి సందేహమో అడుగుతున్నట్టు, నడిస్తే బీపీ తగ్గుతుంది కదా అన్నాడు. తగ్గుతుంది గానీ ఆ తగ్గుదల కొన్ని గంటలేనని ఆమె చెప్పింది. ఊపిరి బిగబట్టి బరువెత్తితే ఈ జబ్బున్నవాళ్లకు అమాంతం పైకి లేస్తుందట. నడక మంచిదే, కానీ బీపీ చూసుకోవలసింది నడవకముందు, కాసేపు కదలకుండా కూర్చున్నాక.

తడి చేపను తూచి కొన్నానని కన్నారావుకు అప్పుడు తెలిసింది. నష్టం మాత్రం ఇంకొకరి ఎడమచేతికి పడింది.

ఆమె వెళ్లాక చెల్లెలు ఎరుకమ్మ దగ్గరకొచ్చింది.

"నా మాట ఇనడన్నయ్యా. నువ్వు సెప్తే ఇంటాడు. దవాయి మానొద్దని సెప్పు."

నూకయ్య గోడవైపు తిరిగిపోయాడు. తాను నోరు విప్పకపోతే ఎవరికీ తెలియదు. ఆ లాభం కన్నారావుకు కళ్లెదుటే కనిపించింది. కనిపించినందుకే తనమీద తనకు అసహ్యం వేసింది.

"మానీమన్నది నేనేనమ్మా."

ఎరుకమ్మ మొగుడి ఎడమచేతి వైపు చూసి, అన్న వైపు తిరిగింది.

"నువ్వూ మానేసినావా?"

తలూపాడు.

"ఇంటికెల్లి నీ దవాయి అట్టుకురా. మీ బావ ముందరే ఏసుకో. నువ్వు సెప్తే ఇంక నేనూ ఇనను."

కన్నారావు గుమ్మం వైపు కదిలాడు. వెనకనుంచి నూకయ్య ముద్దమాట వినిపించింది.

"నడవకు బావా. ఆటోలో పో."

అతను వెనక్కి తిరిగి చూడలేకపోయాడు.